మామ్మ బైబిలులో లేసు దారం

మా మామ్మ బైబిలు ఇప్పుడు నా దగ్గర ఉంది. నల్ల రెక్సిను అట్ట అంచులు అరిగిపోయి లోపలి దళసరి కాగితం బయటపడింది. పుటల అంచులకు ఒకప్పుడు వేసిన ఎరుపురంగు ఇప్పుడు వేళ్లు తగలని మూలల్లో మాత్రమే మిగిలి ఉంది. మధ్యలో ఒక తెల్లటి లేసు దారం గుర్తుగా పెట్టి ఉంటుంది. మా ఇంటికి వచ్చిన విశ్వాసులు ఎవరైనా ఆ పుస్తకాన్ని భక్తితో చేతిలోకి తీసుకుని దారం ఉన్నచోట తెరిస్తే, అక్కడ ఓదార్పుకు పేరుపడ్డ ఇరవై మూడో కీర్తనో తొంభై ఒకటో కీర్తనో కనిపిస్తుందని ఎదురుచూస్తారు. కాని ఆ దారం 88వ కీర్తన దగ్గర ఉంటుంది. కీర్తనల గ్రంథంలో అంతటి చీకటిలో ముగిసే కీర్తన మరొకటి లేదు. ఆ దారం అక్కడికి ఎలా చేరిందో చూసినదాన్ని గనుక, దాన్ని నేను ఇంతవరకు కదపలేదు.

మా ఊరు కోనసీమలో, రాజోలు వైపు, వశిష్ఠ గోదావరి ఏటిగట్టుకు కూతవేటు దూరంలో ఉంటుంది. మామ్మ పుట్టిల్లు ఏటికి అవతల, నరసాపురం దగ్గర. సఖినేటిపల్లి రేవులో ఏరు దాటించే పంటు ఎక్కి అవతలి ఒడ్డున దిగితే చాలు, ఆమె మాట తీరులో చిన్నపిల్ల హుషారు వచ్చేది. 1836లో మిషనరీ ఆంథోనీ నోరిస్ గ్రోవ్స్ వెంట ఇంగ్లండులోని డెవాన్ ప్రాంతం నుంచి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ కుటుంబాలు నరసాపురం కేంద్రంగా ఈ డెల్టాలో సువార్త పని మొదలుపెట్టాయి. 1847 నుంచి 1852 వరకు ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన రోజుల్లో అక్కడికి చేరిన కూలీల మధ్య కూడా ఆ పని జరిగిందని మా పెద్దలు చెప్పుకునేవారు. ఆ సహవాసాల సంప్రదాయమే మామ్మది. ప్రతి ఆదివారం చాపల మీద కూర్చుని, యేసు మరణాన్ని తలచుకుంటూ రొట్టె విరిచి ఒకే పాత్రలోంచి తాగే ఆరాధన, వాయిద్యం పెద్దగా లేని పాటలు, ఎవరి చేతిలో వారి బైబిలు. ఆమె చిన్నతనంలో అక్షరాలు నేర్చుకున్నది కూడా ఆ పుస్తకాన్ని తానే చదువుకోవాలన్న ఒక్క కోరికతోనే.

మిషనరీ స్త్రీలు పందొమ్మిదో శతాబ్దంలో ఆ ప్రాంతపు ఆడవాళ్లకు నేర్పిన లేసు అల్లికే మామ్మకు జీవనాధారం. సన్నని కొక్కెపు సూది, తెల్లదారపు ఉండ, ఒళ్ళో ఒక పాత పంచె ముక్క, అంతే ఆమె సరంజామా. అల్లిన దాన్ని ఏజెంటు వచ్చి లెక్క చూసుకుని పట్టుకెళ్లేవాడు. డబ్బు మాత్రం ఈ వారం కాదు, వచ్చే వారం అనేవాడు. ఆ వచ్చే వారం మరో వారానికి జరిగేది. ఏజెంటు సైకిలు గంట కోసం అరుగు మీద కూర్చుని వీధి వైపు చూసే ఆమె చూపు నాకు ఇంకా గుర్తుంది. కిరోసిన్ దీపం ముందు ఏళ్ల తరబడి అల్లిన ఆ కళ్ల మీదికి ముసలితనంలో శుక్లాలు కూడా వచ్చి, నాకు ఎనిమిదేళ్లు వచ్చేసరికి ఆమెకు అచ్చు అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపించేవి. అప్పటినుంచి రోజూ దీపాలు పెట్టే వేళకు అరుగు మీద కూర్చుని ఆమెకు బైబిలు చదివి వినిపించడం నా పని అయింది.

ఆ చదువుకు ఆమె పెట్టిన నియమం ఒకటే. వరసగా చదవాలి, ఏదీ దాటెయ్యకూడదు. రోజుకు ఒక అధ్యాయం. సంఖ్యాకాండములో గోత్రాల లెక్కలు వచ్చినా, దినవృత్తాంతములలో పేర్ల జాబితాలు వచ్చినా చదవాల్సిందే. నాకు విసుగు పుట్టి రెండు పుటలు కలిపి తిప్పితే, వినికిడితోనే పట్టేసేది. "తల్లీ, ఉత్తరం వచ్చినప్పుడు మనకు నచ్చిన ముక్కలే చదువుకుంటామా?" అనేది.

మన తెలుగు బైబిలు భాష పాతది. బండి ఱలు, అరసున్నల కాలపు పలుకుబడి, "సంచరించినను", "ఆదరించును" వంటి క్రియలు నా నాలుకకు మొదట లొంగేవి కావు. కాని ఆ భాషలోని కొన్ని మాటలు మా నేల మీది మాటలే అని మామ్మ నాకు ఒక్కొక్కటిగా చూపించింది. 69వ కీర్తన మొదట్లో "నిలుక యియ్యని అగాధమైన దొంగ ఊబిలో నేను దిగిపోవుచున్నాను" అని ఉంటుంది. నిలుక అంటే ఏమిటని అడిగాను. ఆమె నన్ను మర్నాడు పొద్దున్నే లంక ఒడ్డుకు తీసుకువెళ్లి, పైకి గట్టిగా ఇసుకలా కనిపించే ఒకచోట పొడుగాటి వెదురు గుచ్చి చూపించింది. వెదురు ఎక్కడా ఆనకుండా దిగిపోయింది. "కాలు ఆనే చోటు నిలుక. అది దొరకని చోటు ఇదీ. దావీదు రాజు కూడా ఇటువంటి చోటులోంచే అరిచాడు" అంది. యెరూషలేము ఎక్కడుందో నాకు అప్పటికి తెలియదు గాని, ఆ కీర్తన మాత్రం మా ఏటిలోంచి లేచి వచ్చినట్టే అనిపించింది.

వరద మాట వస్తే ఆమెకు 1986 ఆగస్టు గుర్తుకు వచ్చేది. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వచ్చిన ఏడాది అది. నేను ఒళ్ళో పిల్లని. ఊరంతా ఏటిగట్టు మీదికి చేరి, గొడ్డూ గోదా పక్కనే కట్టుకుని, పట్టాల కింద పడుకున్న రాత్రుల్లో ఆమె యెషయా 43లోని మాటను కంఠతా చెప్పుకుంటూ కూర్చుందట: "నీవు జలములలో బడి దాటునప్పుడు నేను నీకు తోడై యుందును, నదులలో బడి వెళ్లునప్పుడు అవి నీమీద పొర్లిపారవు." ఇది చెప్పి ఆమె ప్రతిసారీ ఒక మాట కలిపేది. జలములు రావని దేవుడు చెప్పలేదనీ, వచ్చినప్పుడు తోడుంటానని మాత్రమే చెప్పాడనీ, ఆ రెండింటికీ ఉన్న తేడా తెలియకపోతే మొదటి వరదకే విశ్వాసం కొట్టుకుపోతుందనీ అనేది.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దాన కార్డులు తీసే అలవాటు మా ప్రాంతమంతా ఉంది. బుట్టలో చెయ్యి పెట్టి తీసుకున్న కార్డులోని వాక్యాన్ని ఏడాదంతా గోడకు అంటించుకుంటాం. ఒక ఏడాది నాకు యిర్మీయా 29:11 వచ్చింది. అవి "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు" అన్న ఆ మాట చదివి, పరీక్షల్లో మొదటి ర్యాంకు నాదేనని గంతులు వేశాను. మామ్మ నా సంతోషాన్ని ఆపలేదు. ఇంటికి వచ్చాక మాత్రం ఆ అధ్యాయం మొదటినుంచి చదవమంది. అది బబులోనుకు చెరగా పోయినవారికి యిర్మీయా రాసిన ఉత్తరం. విడుదల డెబ్బది సంవత్సరాలు గడిచాకనే అని దానికి ఒక్క వచనం పైనే ఉంది. అంటే ఆ ఉత్తరం విన్న ముసలివాళ్లలో చాలామంది ఆ విడుదలను కళ్లారా చూడరు. ఇంకా పైన, ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్టణపు క్షేమం కోసమే ప్రార్థించండి అని ఉంది. శత్రువు ఊరికోసం ప్రార్థించమన్న మాట కార్డు మీద ఎందుకు అచ్చు వెయ్యలేదని పదేళ్ల వయసులో నేను అడిగితే, "కార్డులో పట్టదు తల్లీ" అంది ఆమె. ఆ జవాబులోని బరువు నాకు అప్పుడు తెలియలేదు. వాగ్దాన కార్డులంటే నాకు ఇప్పటికీ ఇష్టమే. కాని ఓదార్చే వచనాన్ని దాని పక్కనున్న ఆజ్ఞనుంచి కోసి తీసుకుంటే, ఓదార్పు కూడా సగమే మిగులుతుందని నేను నమ్ముతాను. డెబ్బై ఏళ్లు ఎదురుచూడవలసినవారికి చెప్పిన మాట అని తెలిసినప్పుడే కదా, అది ఏడాదిలో తీరని కష్టాల్లో ఉన్నవారికి కూడా ఆసరా అయ్యేది.

1996 నవంబరు 6 రాత్రి తుపాను వచ్చింది. కోనసీమలో ఆ తేదీ మరిచిపోయినవాళ్లు ఉండరు. మా వైపు కొబ్బరిచెట్లు పడ్డాయి, పెంకులు లేచిపోయాయి, ఈనిక దాటి గింజ పట్టిన సార్వా చేలు నీళ్లలోకి ఒరిగిపోయాయి. ముమ్మిడివరం అవతల సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్ల మీద విరుచుకుపడినదానితో పోలిస్తే మాది ఏమీ కాదు. మా పెద్ద మేనత్త అటువైపు ఊళ్లోనే కాపురం ఉండేది. దారులన్నీ చెట్లు అడ్డంపడి ఉండడంతో కబురు మూడో రోజుకు గాని చేరలేదు. నాన్న కాలినడకన, దొరికినచోట పడవ మీద అక్కడికి చేరేసరికి, గోడ కూలి చనిపోయిన అత్తను అప్పటికే మిగిలినవారితో కలిపి సమాధి చేసేశారు. కన్నకూతురి ముఖం చివరిసారి చూసుకునే అవకాశం మామ్మకు దక్కలేదు.

ఆ తరువాత ఆమె సూది ముట్టలేదు. పడిపోయిన కొబ్బరిచెట్ల వైపు తిరిగి అరుగు మీద కూర్చునేది. పలకరింపుకు వచ్చిన విశ్వాసులు చాలామందే. వారందరూ మంచి మనసుతోనే వచ్చారు, ఆ మాట నేను నిజంగా అంటున్నాను. దేవుని ప్రేమించువారికి "మేలుకలుగుటకై సమస్తమును సమకూడి జరుగుచున్నవి" అన్న రోమా 8:28ని ఎందరో ఆమెకు వినిపించారు. మామ్మ అందరికీ వందనాలు చెప్పి పంపించింది. ఒకరోజు సాయంత్రం అందరూ వెళ్లాక నన్ను పిలిచి, "ఆ మాట నిజమే తల్లీ. పౌలు అబద్ధం రాయలేదు. కాని అది నా నోటినుంచి రావాలి, నా చెవిలో వాళ్లు వెయ్యకూడదు" అంది. ఆ వచనానికి రెండు వచనాల పైన ఏముందో చదవమంది. మనం ఎలా ప్రార్థించాలో తెలియనప్పుడు ఆత్మ తానే "ఉచ్చరింప శక్యముకాని మూలుగులతో" మన పక్షంగా విజ్ఞాపన చేస్తున్నాడని అక్కడ ఉంది. "ముందు మూలుగు. ఆ తరవాతే ఆ మాట" అంది.

ఆ రాత్రి ఆమె మొదటిసారి తన నియమాన్ని తప్పి, వరసలో లేని అధ్యాయాన్ని అడిగింది. అదే 88వ కీర్తన. హేమాను రాసిన ఆ కీర్తన దేవుణ్ణి రక్షణకర్త అని పిలుస్తూనే మొదలవుతుంది. ఆ తరువాత "నీ తరంగములన్నియు నన్ను ముంచుచున్నవి" అంటుంది. విలాపంగా మొదలైన కీర్తనలు దాదాపు అన్నీ చివరికి స్తుతి వైపో నిరీక్షణ వైపో తిరుగుతాయి. ఇది తిరగదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అన్నచోట ఆగిపోతుంది. నేను చదివి, ఇంకా ఉందేమోనని పుట తిప్పి చూశాను. 89వ కీర్తన మొదలై ఉంది. మామ్మ కళ్లు తుడుచుకుని, "ఇది కూడా ఆయన తన పుస్తకంలో ఉంచుకున్నాడు చూడు" అంది. తుపాను తరువాత ఆమె గొంతులో కొంచెం ఊపిరి ఆడినట్టు నాకు అనిపించింది అప్పుడే. పక్కనే పడి ఉన్న దారపు ఉండనుంచి ఒక ముక్క తెంపి అక్కడ పెట్టించింది. నెల రోజులు ప్రతి రాత్రీ అదే చదివాను.

ఆ రోజుల్లో ఆమె దగ్గరికి వచ్చినవారిలో ఒకావిడ మాత్రం వాక్యం ఏదీ చెప్పలేదు. పేటలో ఉండే కోత కూలి, మా సహవాసంలోనే సభ్యురాలు, మామ్మ కంటే పదేళ్లు చిన్నది. వరసగా మూడు రోజులు మధ్యాహ్నం పూట వచ్చి, అరుగు కింద నేల మీద కూర్చుని, మా అమ్మ చేతిలోని చేటను అందుకుని, బియ్యంలో రాళ్లు ఏరి పెట్టి, పొద్దువాలాక లేచి వెళ్లేది. పిల్లలనూ ఆస్తినీ పోగొట్టుకున్న యోబును ఓదార్చడానికి వచ్చిన స్నేహితులు నోరు తెరిచి చేసిన తప్పులే మనకు గుర్తుంటాయి. అంతకు ముందు వారు ఏడు దినములు ఒక్క మాటైనా పలకక అతనితో కూడా నేల మీద కూర్చున్నారని రెండో అధ్యాయం చివరలో ఉంది. ఆవిడ చేసినది అదే.

డిసెంబరు నెల మొదలయ్యాక మామ్మ, "ఆగినచోటి నుంచి చదువు" అంది. మేము హెబ్రీ పత్రిక చివరలో ఆగి ఉన్నాం. అది పూర్తయ్యాక యాకోబు పత్రిక మొదలైంది. ఈ వరసను ఎవరూ ఏరికోరి పెట్టలేదు, రోజుకొక అధ్యాయం చొప్పున దానంతట అదే వచ్చింది. అయిదో రాత్రి అయిదో అధ్యాయం. లోపలి గదిలో నాన్న అన్నం తింటున్నాడు. "ఇదిగో మీ చేలు కోసిన పనివారికియ్యక మీరు మోసముగా బిగపట్టిన కూలి మొఱ్ఱపెట్టుచున్నది" అని నేను బండి ఱలన్నీ జాగ్రత్తగా పలుకుతూ చదివాను. కోతవారి కేకలు సైన్యములకు అధిపతియగు ప్రభువు చెవులలో చొచ్చాయని ఆ వెంటనే ఉంది.

మామ్మ చెయ్యి ఎత్తి నన్ను ఆపింది. లోపలికి వినపడేలా, "కోతవాళ్లకు కూలి ఇచ్చేశావా అబ్బాయ్?" అని అడిగింది.

నీళ్లలో ఒరిగిన చేనును మోకాలి లోతు బురదలో నిలబడి ఆరుగురు కోసి పెట్టారు. అప్పటికి పది రోజులయింది. గింజ మొలకెత్తి ధర పలకలేదు. పడిపోయిన కొబ్బరి మానులు అమ్మగా వచ్చిన డబ్బు నాన్న దగ్గర ఉంది గాని, దానితో ఇంటి పైకప్పుకు పెంకులు కొనాలని దాచాడు. చెడ్డ ఖర్చేమీ కాదు. అప్పటికి మేము తాటాకులు కప్పుకున్న వసారాలో పడుకుంటున్నాం.

"పండగ తరవాత ఇస్తానన్నానమ్మా. వాళ్లూ సరేనన్నారు."

"సరేననక ఏమంటారు?"

నాన్న జవాబు చెప్పలేదు. కొంచెంసేపటికి మామ్మే మళ్ళీ మాట్లాడింది. "ఆ ఏజెంటు వచ్చే వారం అన్నప్పుడల్లా నేనూ సరేనన్నాను. ఇంటికొచ్చి పొయ్యి ముందు కూర్చుని ఏడ్చాను. మూడు రోజులు నా దగ్గర కూర్చుని బియ్యం ఏరిన మనిషి కూలి మన ఇంట్లో ఉంది. ఒక్కసారైనా అడిగిందా?" అంది.

కూలివాని కూలి మరునాటి వరకు నీయొద్ద ఉంచుకొనకూడదన్న లేవీయకాండము మాటను మేము వరసలో ఎప్పుడో చదివాం. అప్పుడు అది ఎవరికో, ఏ కాలంలోనో చెప్పిన ధర్మంలా వినిపించింది. ఇప్పుడు మా ఇంటి కప్పు కింద, మా పెంకుల డబ్బు పక్కన నిలబడి మాట్లాడింది. నాన్న ముఖం నాకు కనిపించలేదు. కంచంలో చెయ్యి కడుక్కున్న చప్పుడు మాత్రం వినిపించింది.

మర్నాడు తెల్లవారకముందే నాన్న పేటకు వెళ్లి ఆరుగురికీ కూలి ఇచ్చి వచ్చాడు. ఆలస్యానికి తలా కొంచెం ధాన్యం కూడా కొలిచి ఇచ్చాడని తరువాత అమ్మ చెప్పింది. పెంకులు సంక్రాంతి దాటి చాలా రోజులకు గాని పడలేదు. ఆ ఆదివారం రొట్టె విరిచే సమయంలో ఎప్పటిలాగే కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పదకొండో అధ్యాయం చదివారు. ప్రతి మనుష్యుడు తన్ను తాను పరీక్షించుకొనవలెను అన్న మాట దగ్గర నాన్న తల వంచుకుని చాలాసేపు ఎత్తలేదు. పాత్ర చాపల వరసలో చేతులు మారుతూ వచ్చింది. కోతవాళ్లలో ఒకాయన తాగి నాన్న చేతికి అందించాడు. అంతకు ముందు వారం కూడా ఆ పాత్ర అదే చేతినుంచి అదే చేతికి వచ్చిందని నాకు అప్పుడు తట్టింది. ఆ పదకొండో అధ్యాయంలోనే, కలిగినవారు ముందే తినేస్తుంటే లేనివారు ఆకలితో ఉండడాన్ని పౌలు ఎంత కటువుగా గద్దించాడో పెద్దయ్యాక చదివినప్పుడు నాకు మళ్ళీ ఆ చాపలే కళ్లకు కట్టాయి.

తనకు ఓదార్పు కావలసిన ఆ రోజుల్లోనే మామ్మ తన కొడుకును మందలించవలసి వచ్చింది. దుఃఖంలో ఉన్నాను, ఈ మాట ఇప్పుడు నాకెందుకు అని ఆ పుట తిప్పించి ఉంటే ఎవరూ తప్పు పట్టేవారు కాదు. ఆమె తిప్పించలేదు. విచిత్రం ఏమిటంటే, ఆ కూలి చెల్లిన మరుసటి వారమే ఆమె మళ్ళీ సూది చేత పట్టుకుంది. వాక్యం ఇంట్లో ఒక పని జరిగించడం చూశాక ఆమెకు చేతులు ఆడాయని నా నమ్మకం. ఆమెను అడిగి తెలుసుకున్నది కాదు. క్రిస్మస్‌కు ముందు ఒక సాయంత్రం ఆమె తానే హబక్కూకు ప్రవక్త గ్రంథపు చివరి మాటలను నోటికి చెప్పుకుంది. అంజూరపు చెట్లు పూయకుండినను అన్నచోట ఆగి, పెరట్లో మొండేలుగా నిలబడ్డ మానుల వైపు చూసి, "కొబ్బరిచెట్లు కాయకపోయినను" అని మార్చి చెప్పింది. చేనిలోని పైరు పంటకు రాకపోయినను అన్న మాటను మాత్రం మార్చే అవసరం రాలేదు. "నేను యెహోవాయందు ఆనందించెదను" అన్నప్పుడు ఆమె గొంతు వణికింది గాని, ఆ మాటను మింగెయ్యలేదు.

మామ్మ 2008లో ప్రభువు నందు నిద్రించింది. ఆ తరువాత కొన్నేళ్లకు నా రెండో కాన్పు ఏడో నెలలో నిలవలేదు. ఫోనులో వచ్చిన ఓదార్పు వచనాలన్నిటికీ ఆమె లాగే వందనాలు చెప్పాను. రాత్రి ఒంటరిగా దారం ఉన్నచోట పుస్తకం తెరిచాను. చీకటియే నాకు బంధువర్గమాయెను అన్న ఆ ముగింపును పైకి చదువుకున్నాను. దాన్ని చదువుతున్నది దేవుని ముందే అన్న సంగతి మాత్రం ఆ రాత్రి నాకు స్పష్టంగా తెలిసింది. అంతకు మించి ఏమీ జరగలేదు, నిద్ర పట్టింది.

కిందటి వేసవిలో మా అబ్బాయిని తీసుకుని ఊరు వెళ్లాను. నాన్నకు ఇప్పుడు డెబ్బై దాటింది, చూపు బాగా తగ్గింది. సాయంత్రం అరుగు మీద వాడు తాతయ్యకు చదివి వినిపిస్తున్నాడు. వంటింట్లో ఉన్న నాకు, వాడు బండి ఱ దగ్గర తడబడి "మొ... మొర్ర" అని కూడబలుక్కోవడం వినిపించింది. ఏ అధ్యాయమో తెలిసి చేతిలోని గరిటె అలాగే పట్టుకుని నిలబడ్డాను. నాన్న వాణ్ణి ఆపాడు. కొంచెంసేపు ఏ చప్పుడూ లేదు. తరువాత అమ్మను పిలిచి, నిన్న చెట్లెక్కి కొబ్బరి దింపు తీసిన అబ్బాయికి డబ్బులు ఇచ్చామా లేదా అని అడిగాడు.